వెళ్తామంటే నమ్మరు, వచ్చేస్తామంటే అసలే నమ్మరు

పరాయి దేశం వెళ్లాలంటే ముందుగా రుజువు చేయాల్సింది, అక్కడ ఉండిపోయేంత పని మనకేమీ లేదని. ఈ విషయంలో అమెరికాకు మొహమాటం లేదు. ఆ దేశ వలస చట్టం 214(బి) సెక్షన్ ప్రకారం టూరిస్టు వీసా అడిగిన ప్రతివాడూ స్థిరపడిపోవడానికి వస్తున్నవాడే. కాదని నిరూపించుకునే పూచీ వాడిదే. దండయాత్రకు వచ్చినవాణ్ని కూడా ఇంతకంటే మర్యాదగానే పలకరిస్తారేమో!

షెంగెన్ దేశాలవారిది, అంటే ఒకే వీసాతో తిరగనిచ్చే ఐరోపా దేశాల కూటమిది, గణితాభిరుచి. ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90కి మించి ఉండకూడదు. జనవరి ఒకటిన లెక్క కొత్తగా మొదలవుతుందనుకునే అమాయకులు చాలామందే ఉన్నారు. అక్కడున్న ప్రతిరోజూ ఆ రోజు నుంచి వెనక్కి 180 లెక్కపెట్టుకోవాలి. దిగిన రోజూ లెక్కే, బయల్దేరిన రోజూ లెక్కే. రాత్రి పదకొండున్నరకు ఇమిగ్రేషన్ దాటితే ఆ అరగంటా ఒక రోజే.

షెంగెన్ వీసాకు పాస్‌పోర్టు పదేళ్లలోపు జారీ అయినదై, తిరుగు ప్రయాణం తర్వాత ఇంకో 3 నెలలు చెల్లాలి. రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా కావాలి. ఇవన్నీ డబ్బిస్తే అయ్యే పనులు.

అసలు సాహిత్యమంతా బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంది. దరఖాస్తుదారు చివరి వరుసలోని బ్యాలెన్సు చూసి మురిసిపోతాడు. అధికారి మొదటి వరుస నుంచి చదువుతాడు. నెలల తరబడి అడుగంటిన ఖాతాలో దరఖాస్తుకు నాలుగు రోజుల ముందు లక్షలు ఊడిపడితే, అది చేబదులని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నిజంగానే స్థలం అమ్మిన సొమ్మైతే ఆ అమ్మకం కాగితం జతచేయండి. వివరణ లేని లక్షకంటే వివరణ ఉన్న యాభైవేలే గౌరవనీయం.

షెంగెన్‌లో పలు దేశాలు తిరిగేట్టయితే, ఎక్కువ రోజులుండే దేశానికే దరఖాస్తు పెట్టాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. అపాయింట్‌మెంటు స్లాటు ఎక్కడ దొరికితే అక్కడ పెట్టి, దానికి తగ్గట్టు హోటల్ బుకింగులు అల్లే ప్రతిభావంతులున్నారు. వాటిని చదివే ప్రతిభ కౌంటరు అవతలా ఉంటుంది.

వీసా వచ్చాక స్టిక్కరు చదివే అలవాటు ఎవరికీ లేదు. చెల్లుబాటు నెలరోజులున్నా, ఉండే వ్యవధి గడిలో 12 అని ఉంటే పన్నెండు రోజులే. ప్రవేశాల గడిలో 01 ఉందనుకోండి. బ్రిటన్ వీసా కూడా ఉంది కదాని పారిస్‌లో సూట్‌కేసు వదిలి, రెండు రోజులు లండన్ చూసొద్దామని రైలెక్కితే, బ్రిటన్ షెంగెన్‌లో లేదు కనుక, ఆ ఒక్క ప్రవేశమూ అయిపోయినట్టే. సూట్‌కేసు మాత్రం ఇంకా చట్టబద్ధంగానే ఫ్రాన్సులో ఉంటుంది.