హోంవర్క్ దగ్గరే పెరిగే తేడా

1966లో అమెరికాలో సమాజ శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ బృందం సుమారు 4,000 బడుల్లో 6 లక్షల మంది దాకా పిల్లల్ని పరిశీలించింది. చదువులో తేడాలకు బడిలోని వసతుల కంటే ఇంటి నేపథ్యమే పెద్ద కారణమని తేల్చింది. దీన్ని పట్టుకుని ‘ఇక బడి చేసేదేముంది’ అన్నవాళ్లు చాలామందే. అది పొరపాటు. ఇంటి ప్రభావం క్లాసులోకి వచ్చే దారుల్లో ఒకదాన్ని బడే రోజూ చేతులారా తెరుస్తోంది: హోంవర్క్.

భిన్నాల కూడికనే చూడండి. 1/2, 1/3 కలపమంటే పైవి పైవి, కిందవి కిందవి కూడి 2/5 అని రాసే పిల్లలు చాలా క్లాసుల్లో కనిపిస్తారు. లెక్కలొచ్చిన పెద్దవాళ్లు పక్కనుంటే మొదటి లెక్క దగ్గరే ఆపుతారు. ‘సగానికి ఇంకాస్త కలిపితే సగం కంటే తగ్గుతుందా?’ అని అడుగుతారు. కాగితం పట్టీని ఆరు సమభాగాలుగా మడిచి, సగమంటే మూడు భాగాలు, మూడో వంతంటే రెండు, మొత్తం 5/6 అని చూపిస్తారు. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు దొరకని ఇంట్లో పది లెక్కలూ ఒకే తప్పుతో పూర్తవుతాయి. తెల్లారేసరికి ఆ తప్పు అలవాటై కూర్చుంటుంది. పైగా ‘ఇంట్లో పట్టించుకోరు’ అన్న ముద్ర ఒకటి. రాత్రి షిఫ్టుకెళ్లే తల్లికి, చదువు రాని తండ్రికి బిడ్డ చదువు మీద ఆశ ఎవరికీ తీసిపోదు.

అందుకే ఇంటికిచ్చే లెక్కల్లో మొదటి రెండూ పీరియడ్ ఆఖరి పది నిమిషాల్లో క్లాసులోనే చేయించాలి. నలభై మంది పుస్తకాలు చూడటం టీచర్‌కు కుదరదు. జవాబును చిత్తు కాగితం మీద పెద్దగా రాసి పైకెత్తమంటే, 2/5 రాసినవాళ్లు ఒక్క చూపులో దొరుకుతారు. ఆ తర్వాత ఇంటికి నాలుగైదు లెక్కలు చాలు, అవీ చేతికొచ్చినవే. చార్టులు, మోడళ్ల ప్రాజెక్టులకు మార్కులు వేయడం మానేయాలి. ఆ మార్కులు పడేది చాలాసార్లు తల్లిదండ్రులకే.

చదువు రాని పెద్దలు చేయగలిగిందీ ఉంది. రోజూ పది నిమిషాలు పాఠం పైకి చదివించి, ‘ఇందులో ఏమైంది? ఎందుకైంది?’ అని ఇంటి భాషలోనే అడగాలి. తడబడిన మాట పక్కన పిల్లల చేతే పెన్సిల్‌తో చుక్క పెట్టించాలి. మర్నాడు ఆ చుక్కలున్న పేజీ తెరిస్తే, ఎక్కడ మొదలుపెట్టాలో టీచర్‌కు తెలిసిపోతుంది.