తెనాలి కొలత, ఎడిన్‌బరా ఫ్రేము

సైకిల్ తొక్కేవాళ్లకి రోడ్డు కావాలి. స్ట్రీట్ ట్రయల్స్ వాళ్లకి రోడ్డొక్కటి తప్ప అన్నీ కావాలి. పిట్టగోడ, మెట్లు, మెట్ల పక్క కమ్మీ, పార్కు బెంచీ, బస్టాపు కప్పు. దేని మీదకి ఎక్కొద్దని బోర్డు పెడతారో దాని మీదకే సైకిల్‌తో సహా ఎక్కి, వెనక చక్రం మీద నిలబడి నాలుగు గంతులేసి, అవతలికి దూకాలి. కాలు కింద పెట్టకూడదు. పోటీల్లో అయితే పెట్టిన కాలుకి పాయింట్లు పోతాయి, వీధిలో అయితే పరువు పోతుంది.

ఈ పిచ్చి ప్రపంచమంతా పాకడంలో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరాకి పెద్ద వాటా ఉంది. స్కై ద్వీపంలో పుట్టి, ఈ ఊళ్లో సైకిల్ షాపులో మెకానిక్‌గా పనిచేస్తున్న డానీ మెకాస్కిల్ 2009 ఏప్రిల్‌లో ఒక వీడియోతో బయటికొచ్చాడు. అందులో మొనదేలిన ఊచల కంచె ఒకటుంది. మనమైతే దాని మీద తడి తువ్వాలు ఆరేయడానికి కూడా జంకుతాం. అతను దాని మీద సైకిల్ నడిపాడు. ఆ తర్వాత షాపులో ఉద్యోగం మానేశాడు.

మా శ్రీను ఆ వీడియోని ఎడిన్‌బరాకి వచ్చాక చూశాడు. వాడు వచ్చింది డేటా సైన్స్ చదవడానికి. తెనాలిలో వాళ్ల నాన్నగారు ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు.

ఊళ్లోనే గోర్గీ అనే పేటలో పాతకాలపు రాతి బిల్డింగులో పై అంతస్తు మాది. నేను, శ్రీను, వంట బాధ్యత నెత్తిన వేసుకున్న ప్రసాద్. శ్రీను వస్తూ వస్తూ ఒక జత చక్రాలూ, ముందు చక్రాన్ని పట్టే ఫోర్కూ మోసుకొచ్చిన రోజున ప్రసాద్ అడిగింది ఒక్కటే: "మిగతా సైకిలేదిరా?" ఊరు వదిలి వెళ్లిపోతున్న ఎవరో కుర్రాడు చవకగా ఇచ్చేశాడట. 24 అంగుళాల చక్రాలు, వాటి మధ్యలో ఇరుసు చుట్టూ తిరిగే డిస్క్ బ్రేకు హబ్బులు. వీధి ట్రయల్స్‌కి 24 బాగుంటుందని శ్రీను నెల రోజులుగా చదువుతున్నాడు. పోటీల్లో 20, 26 అంగుళాల చక్రాలు పాతకాపులు. వీధి వాళ్లకి 20 మరీ చిన్నది, 26 తిప్పుకోవడం బరువు. మధ్యలో 24 అయితే బీఎంఎక్స్ అనే విన్యాసాల చిన్న సైకిల్‌లా గిరగిరా తిప్పొచ్చు, ట్రయల్స్ బండిలా గోడా ఎక్కొచ్చు. అంతవరకు వాడి లెక్క సరిగ్గానే ఉంది.

లెక్క తప్పింది ఆదివారం వీడియో కాల్‌లో.

వాళ్ల నాన్నగారికి తెనాలిలో సైకిల్ షాపు ఉండేది. అద్దె సైకిళ్లు, ఓవర్‌హాలింగ్, పంచర్లు. ఇప్పుడు షాపు లేదు గానీ చెయ్యి ఊరుకోదు, వీధిలో ఎవరి సైకిల్ కిర్రుమన్నా నూనె డబ్బా పట్టుకుని బయటికొస్తారు. ఆయనతో శ్రీను, కాలేజీకి వెళ్లడానికి సైకిల్ కొంటున్నానని మాత్రమే చెప్పాడు.

"ఎంత సైజురా?"

"24 నాన్నా."

ఆయన నవ్వారు. "ఒరేయ్, 24 ఆరడుగుల మనిషికిరా. నీకు కాళ్లు అందవు. నీ అయిదడుగుల నాలుగంగుళాలకి 20 చాలు. మరీ ముచ్చటపడితే 22."

ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, ఆయన సైకిల్‌కి. మన డబుల్ బార్ సైకిళ్లకి 20, 22, 24 అంటే ఫ్రేము ఎత్తు. చక్రం సంగతి ఎవరూ అడగరు, అది ఎటూ 28. శ్రీను మాత్రం ఫోన్ పెట్టేసి చాలాసేపు ఆలోచించి, చక్రం 24, ఫ్రేము 20, రెండూ వేరు వేరు లెక్కలు, మనమే కలిపేసుకుంటున్నాం అని తేల్చాడు. నెల రోజుల చదువు తండ్రి మీది గౌరవం ముందు నిలవలేదు. ఇంత మంచి కొడుకుని నేను చూడలేదు.

వారం తిరక్కుండానే ప్రకటన దొరికింది. ట్రయల్స్ ఫ్రేము, 20, ఎనభై పౌండ్లు. ఊళ్లోనే లీత్ పేటలో ఒక పెద్దమనిషి అమ్ముతున్నాడు. వానలో, చీకట్లో, ఆయన కారు డిక్కీ ముందు నిలబడి శ్రీను అడిగాడు: "నా ఎత్తుకి సరిపోతుందా?" ఆయన వీణ్ని పైనుంచి కిందదాకా చూసి, "భేషుగ్గా సరిపోతుంది. మావాడిది సరిగ్గా నీ ఎత్తే" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన కొడుకు వయసెంతని శ్రీను అడగలేదు.

ఇంటికి తెచ్చి హాల్లో దుప్పటి పరిచి ఫ్రేముని పడుకోబెట్టాం. వెండి రంగులో మెరుస్తోంది. చిటికెన వేలితో లేపేయొచ్చు. శ్రీను వెనక చక్రం తీసుకుని దూర్చబోయాడు. ఇరుసు గాడి దాకా రానే లేదు, టైరు వెళ్లి ముందున్న గొట్టానికి కొట్టుకుంది. గాలి తీసేశాడు. టైరు తగ్గింది గానీ రిమ్ము తగ్గలేదు. పోనీ చక్రం సంగతి తర్వాత చూద్దామని హబ్బు ఒక్కటే పెట్టి చూస్తే అదీ పట్టదు. ప్రసాద్ స్కేలు తెచ్చాడు. ఫ్రేములో వెనక సందు 116 మిల్లీమీటర్లు. హబ్బు వెడల్పు 135. ముగ్గురం బీటెక్‌లమే కాబట్టి తేడా 19 అని వెంటనే కనుక్కోగలిగాం. అంతకు మించి ఏం చేయాలో తోచలేదు.

"మీ నాన్నకి ఫోన్ చెయ్యి" అన్నాను.

అప్పటికి తెనాలిలో తెల్లారి ఆయన కాఫీ తాగుతున్నారు. ఫోన్ కెమెరా ముందు ఫ్రేముని శ్రీను ఒక్కసారి తిప్పాడు. గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది.

"సీటు ఏదిరా?"

"సీటు వేరే కొనుక్కోవాలి నాన్నా."

"కొని ఎక్కడ పెడతావురా? గొట్టమేదీ?"

ముగ్గురం వంగి చూశాం. నిజమే. సీటు దూర్చే గొట్టానికి పైన నోరే లేదు. అన్నం తిన్నంతసేపు దాన్ని ముందు పెట్టుకుని మెచ్చుకున్నాం గానీ ఈ సంగతి ఒక్కడికీ కనబడలేదు. అంకుల్ మాత్రం, "ఎవడో కోసేశాడురా. దొంగ సరుకు. ముందు దాన్ని ఇంట్లోంచి తీసెయ్" అని కంగారుపడ్డారు.

అసలు సంగతేమిటంటే అది పోటీ ఫ్రేము. ప్రకటనలో 20 అన్నది ఫ్రేము ఎత్తు కాదు, దానికి పట్టే చక్రం సైజు. 20 అంగుళాల చక్రాల పోటీ బండి మీద ఎవరూ కూర్చోరు. కూర్చునే వ్యవధి ఉండదు, సీటుంటే కాళ్లకి అడ్డం. అందుకే సీటు పెట్టే చోటు లేకుండానే చేస్తారు. డిస్క్ బ్రేకు బిగించే చెవులు కూడా దానికి లేవు, రిమ్ము పట్టే హైడ్రాలిక్ బ్రేకుకి నాలుగు బోల్టుల చోటు మాత్రం ఉంది. ఇదంతా శ్రీను ఇంటర్నెట్ చూసి చదువుతుంటే అంకుల్ మధ్యలో ఆపి, "అయస్కాంతం ఉందా?" అన్నారు.

ప్రసాద్ ఫ్రిజ్ తలుపు మీది వెంకటేశ్వరస్వామిని తెచ్చి ఫ్రేముకి ఆనించాడు. స్వామివారు నిలవలేదు. జారి, దుప్పటి మీద ఒక దెబ్బ తిని, దొర్లుకుంటూ సోఫా కిందకి వెళ్లిపోయారు. ప్రసాద్ చెంపలేసుకుని, బోర్లా పడుకుని, గరిటెతో బయటికి లాగాడు. వెనకాలే ఎప్పుడో పోయిన వాడి బస్ కార్డు కూడా వచ్చింది.

"అయితే అల్యూమినియం" అన్నారు అంకుల్ నీరసంగా. "ఇనుమైతే పొడుగు బోల్టు, రెండు నట్లు పెట్టి మెల్లిగా సందు వెడల్పు చేయించేవాణ్ని. ఇనుము వంచితే వంగుతుంది, వంగిన చోట ఉంటుంది. ఇది అలా కాదు. వంగినట్టే వంగి, నువ్వు రోడ్డు మీద వెళ్తుండగా పుటుక్కుమంటుంది."

"రోడ్డు మీద కాదంకుల్, గోడ మీద" అన్నాడు ప్రసాద్.

ప్రసాద్‌లో ఈ గుణం ఒకటుంది. ఎవరైనా తప్పు మాట్లాడితే సరిదిద్దకుండా ఉండలేడు.

తెనాలిలో గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు మాకు ఎడిన్‌బరాలో వినబడింది. "గోడ మీద ఎందుకుంటావురా?"

ఇక దాచి లాభం లేకపోయింది. శ్రీను నీళ్లు నములుతూ 2009 నాటి ఆ వీడియో లింకు పంపాడు. అయిదు నిమిషాల పైచిలుకు వీడియో. ఆయన ఫోన్ పక్కన పెట్టి, ఆంటీ ట్యాబ్‌లో చూడసాగారు. మాకు ఆయన నుదురు, పైన తిరుగుతున్న ఫ్యాను కనబడుతున్నాయి. మధ్యలో ఆంటీ "అయ్యో, అయ్యో, ఆ అబ్బాయికి అమ్మానాన్నా లేరా?" అనడం వినబడింది. శ్రీను టికెట్ డబ్బులెంతవుతాయో, సామాను ఎలా సర్దాలో ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టాడు.

వీడియో అయిపోయింది. అంకుల్ మళ్లీ మొదటినుంచి పెట్టారు. రెండోసారి అయ్యాక నుదురు కదిలింది.

"వెనక బ్రేకు మంచిదిరా" అన్నారు.

ఆ తర్వాత ఆయన్ని ఆపడం మా వల్ల కాలేదు. మామూలు సైకిల్‌కి పెడల్ ఇరుసు, చక్రాల ఇరుసులకన్నా కిందకి ఉంటుంది, ఈ అబ్బాయి దానికి కిందకి లేదు చూశావా అన్నారు. శ్రీను గొంతు సవరించుకుని, అవును నాన్నా, పోటీ ఫ్రేముల్లో అయితే అరవై డెబ్బై మిల్లీమీటర్లు పైకే ఉంటుంది, అలా ఉంటే వెనక చక్రం మీద నిలబడటం తేలిక, వీధి ఫ్రేముల్లో కొద్దిగానే పైకి ఉంటుంది, లేకపోతే గాల్లో తిప్పేటప్పుడు మనిషి మరీ ఎత్తున వేలాడతాడు అన్నాడు. వెనక గొట్టాలు ఎందుకంత పొట్టివని ఆయన, మౌంటెన్ బైక్‌లో 430 మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉండేవి దీంట్లో 350 దగ్గర ఆపేస్తారు, అప్పుడు ముందు చక్రం అడగ్గానే లేస్తుందని వీడు. తండ్రీకొడుకులు అంతసేపు మాట్లాడుకోవడం నేను అంతకుముందు చూడలేదు. సెమిస్టర్ ఫీజు మాట ఎవరికీ గుర్తు రాలేదు. రెండింటికి ప్రసాద్ లైటార్పేశాడు.

పోటీ ఫ్రేముని అమ్మేయడం తేలికైంది. పన్నెండేళ్ల కుర్రాడొకడు వాళ్లమ్మతో వచ్చాడు. మేం ముగ్గురం రాత్రంతా కుస్తీ పట్టిన కొలతలు వాడు ఫ్రేము చూడగానే నోటితో చెప్పేశాడు. వెనక సందు 116 కదా అని అడిగితే శ్రీను తలూపాడు. ఎందుకు అమ్మేస్తున్నారని వాళ్లమ్మ అడిగింది.

"నాకు చిన్నదైపోయింది" అన్నాడు శ్రీను, ఆ కుర్రాడి పక్కన సమానంగా నిలబడి.

రెండో ఫ్రేము కోసం గ్లాస్గో వెళ్లాం. ఈసారి అంకుల్ లేకుండా కొనడం లేదు. ఫోన్ నేను పట్టుకున్నాను, ఫ్రేము శ్రీను పట్టుకున్నాడు. అమ్మే అతను తన గరాజ్ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గుడ్డతో తుడవరా. హ్యాండిల్ గొట్టం కింద, రెండు గొట్టాలు కలిసే చోట వేలు పెట్టు. గోటికి ఏమన్నా తగులుతోందా? పెయింటు మీద వెంట్రుకంత గీత ఉన్నా వద్దు. తిప్పు. పెడల్ ఇరుసు దగ్గర. వెలుతురులోకి. బాబూ, నువ్వు ఫోన్ కదపకు, నాకు నీ బొటనవేలు తప్ప ఏం కనబడట్లేదు. సీటు గొట్టం ఉందా? వేలు దూర్చి చూపించు. స్కేలు పెట్టు. ఎంత? 135? లోపలి అంచు నుంచి లోపలి అంచుకేనా? మళ్లీ పెట్టు."

తెలుగులో ఇంత గట్టిగా అరుస్తున్నది ఎవరని అమ్మే అతను మెల్లిగా నన్నడిగాడు. తెనాలి నుంచి మా ఇన్‌స్పెక్టరని చెప్పాను. అతను ఫ్రేము వంక, ఫోన్ వంక చూసి, ఒకచోట నొక్కు పడిందనీ దానికి పది పౌండ్లు తగ్గిస్తాననీ మేం అడక్కుండానే అన్నాడు. ఆ నొక్కు మాకెవరికీ కనబడలేదు. అంకుల్‌కి కనబడింది గానీ చెప్పలేదట, బేరం ఆడే టైముకి వాడుకుందామని.

ఇప్పుడు శ్రీనుకి సైకిల్ ఉంది. 24 చక్రం, డిస్క్ బ్రేకు, అరచేయంత సీటు. మెట్ల దగ్గర మొదలుపెట్టాడు, ప్రస్తుతానికి ఒక మెట్టు ఎక్కుతున్నాడు. కింద అంతస్తు ముసలావిడ కిటికీలోంచి చూసి, వాడు కాలు కింద పెట్టినప్పుడల్లా గట్టిగా ఒకటీ, రెండూ అని లెక్క చెబుతోంది. ఆ వీడియోలు రోజూ తెనాలి వెళ్తాయి. అంకుల్‌కి అంతా నచ్చింది, ఒక్కటి తప్ప.

"స్టాండు లేదేమిరా?"

"దీనికి ఉండదు నాన్నా. గోడకి ఆనిస్తాం."

"అంత డబ్బు పోసి కొని గోడకి ఆనిస్తావా? అడుక్కునేవాడిలా?"

పోయిన వారం పచ్చళ్ల పార్సిల్ వచ్చింది. ఆవకాయ, కందిపొడి, వాటి మధ్య గోంగూర ఉండాల్సిన చోట పాత న్యూస్ పేపర్లో చుట్టి, నూనె రాసిన ఇనుప స్టాండు. పార్సిల్ చార్జీ కిలోల లెక్క కదా, దాని బరువుకి సరిపడా గోంగూర తీసేశారట. ప్రసాద్ అప్పట్నుంచి శ్రీనుతో మాట్లాడటం లేదు.