ఏ-ఖాతా అబద్ధం, బి-ఖాతా అబద్ధం

ట్రిప్ టక్కర్ నిజంగా చచ్చిపోయాడా లేదా అన్న విషయం మీద మా అపార్ట్‌మెంటులో ఇంతవరకూ ఏకాభిప్రాయం కుదరలేదు. లిఫ్టు విషయంలో కుదిరింది. బాగు చేయించొద్దని.

టక్కర్ ఎవరో తెలియని అదృష్టవంతుల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. స్టార్ ట్రెక్ అనే అమెరికా టీవీ వంశవృక్షంలో ఎంటర్‌ప్రైజ్ అని ఒక కొమ్మ ఉంది. 2001లో చిగురించి, నాలుగు సీజన్లు బతికి, 2005 మే 13న రాలిపోయింది. అందులో అంతరిక్ష ఓడకి చీఫ్ ఇంజనీరు ఈ టక్కర్. మంచివాడు. మాట సాగదీసి మాట్లాడతాడు, టి'పోల్ అనే వల్కన్ (వేరే గ్రహపు) అమ్మాయి దగ్గర మాత్రం ఆ మాట కూడా తడబడుతుంది. ఆఖరి ఎపిసోడ్‌లో కెప్టెన్‌ని కాపాడబోయి పేలుడులో పోయాడు. పోతే పోయాడు, ఆ పోవడమైనా మర్యాదగా పోనిచ్చారా? ఆ ఎపిసోడంతా రెండొందల ఏళ్ల తర్వాత, ఇంకో సీరియల్‌లోని రైకర్ అనే ఆఫీసరు, హోలోడెక్ అనే మాయాగదిలో వేసుకుని చూస్తున్న పాత రికార్డు. మనింట్లో పెళ్లి జరుగుతుంటే పక్కింటాయన వచ్చి పీటల మీద కూర్చున్నట్టు.

రెండేళ్లు తిరక్కుండానే, 2007లో, ఆండీ మాంగెల్స్, మైకేల్ ఎ. మార్టిన్ అనే ఇద్దరు కలిసి ఒక నవల రాశారు. పేరు 'ద గుడ్ దట్ మెన్ డూ'. టక్కర్ చావలేదు, ఆ చావు ఆడిన నాటకం, మనిషి రోములన్లనే శత్రు గ్రహవాసుల మధ్యకి గూఢచారిగా వెళ్లాడు, రైకర్ చూసిన రికార్డు చరిత్రను తిరగరాసిన దొంగ రికార్డు అని అందులో తేల్చారు. ఆ నవల సెకండ్ హ్యాండ్ కాపీ ఒకటి బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో నా కంటబడింది. రెండొందల ఎనభై పెట్టి కొన్నాను. మారతహళ్లి తెచ్చాను. చేసిన తప్పు అదే.

మా భవనంలో టెర్రస్ మీద ఆదివారం సాయంత్రం ఒక సభ జరుగుతుంది. నీళ్ల ట్యాంకరు వచ్చి, మోటారు ఆగి, మనిషి మాట మనిషికి వినబడడం మొదలయ్యాక మొదలవుతుంది. సభ్యులందరూ తెలుగువాళ్లే. మారతహళ్లిలో అదేం వింత కాదు, బ్రిడ్జి కింద ఆటో ఆయన కూడా తెలుగులోనే బేరమాడతాడు. నవల చేతులు మారి చేతులు మారి నెల తిరిగేసరికి తీర్పులు సిద్ధమయ్యాయి.

రెండో అంతస్తు పెద్దాయనది నెల్లూరు. ప్రభుత్వరంగ ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్లు చేసి రిటైరయ్యారు. ఎనభైల్లో దూరదర్శన్‌లో ఆదివారం పూట మొదటి స్టార్ ట్రెక్ చూసిన తరం, అందుకని సభకి శాశ్వత అధ్యక్షులు. ఆయన తీర్పు మూడే వాక్యాలు.

"టీవీలో చూపించారా? లేదు గదా. అయితే జరగలా, అబ్బయా."

నాలుగో అంతస్తు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అమ్మాయి అలా తేల్చిపారేసే మనిషి కాదు. ఎక్సెల్ షీట్ తెచ్చింది. ఒక వరసలో పేజీ నంబరు, ఒక వరసలో తప్పు, ఇంకో వరసలో దాని తీవ్రత. టీవీలో టక్కర్ చావు 2161లో జరిగింది, నవల దాన్ని 2155కి లాగింది, ఇది క్రిటికల్. నేను ఒక్క విషయం అడిగాను. ఆ ఆఖరి ఎపిసోడ్‌లో ఆరేళ్లు ముందుకి దూకినా ఎవరికీ ఒక్క తెల్ల వెంట్రుక రాలేదు, ఎవరికీ ప్రమోషన్ రాలేదు, దాన్ని ఏ వరసలో రాశావమ్మా అని. "అది టీవీలో వచ్చింది కదండీ, అది ఫీచర్" అంది.

కొత్తగా పెళ్లయి మొదటి అంతస్తులోకి వచ్చిన అమ్మాయి టక్కర్, టి'పోల్ ఒకే చోట ఉన్న పేజీలన్నీ లెక్కపెట్టి, చాల్లేదని ప్రకటించింది. ఆమె భర్త అక్కడే ఉన్నాడు. ఆ 'చాల్లేదు' నవలకే అని ఆయన నమ్ముతున్నట్టు ముఖం పెట్టాడు.

అందరికన్నా లోతైన విమర్శ మాత్రం మా బావమరిదిది. పుస్తకం ముట్టుకోలేదు. "చదవక్కర్లేదు బావా. ఎవరో రాసిన సీరియల్‌కి ఇంకెవరో కొనసాగింపు రాస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు" అన్నాడు. ఎలా తెలుసు అంటే, ఆ తర్వాతి కథ ఎలా ఉండాలో వాడి మనసులో ఎప్పుడో పూర్తయిపోయి ఉంది. కాలేజీ రోజుల్లోనే. అందులో టక్కర్ కెప్టెన్ అవుతాడు. అచ్చయిన నవల ఈ అచ్చుకాని నవలతో ఎక్కడ తేడా పడితే అక్కడల్లా అచ్చయినదే తప్పు.

నిజం చెప్పాలంటే సభలో ఒక్కొక్కరి దగ్గరా అలాంటి నవల ఒకటుంది. నా దగ్గరా ఉంది, కానీ నేను కాలమిస్టుని, నాది తటస్థ దృష్టి.

ఇక్కడ స్టార్ ట్రెక్ వాళ్ల శాస్త్రం ఒకటి చెప్పాలి. దాన్ని కానన్ అంటారు. తెర మీద వచ్చిందే జరిగినట్టు. నవలలు ఆ సంస్థ అనుమతితోనే వస్తాయి, అట్ట మీద దాని ముద్రే ఉంటుంది, డబ్బూ దానికి ముడుతుంది, అయినా అందులో ఉన్నవేవీ జరగనట్టే లెక్క. ఇతర నగరాల్లో ఉండేవాళ్లకి ఇది అర్థం కావడానికి టైం పడుతుంది. బెంగళూరులో ఫ్లాటు కొన్నవాడికి అర క్షణం చాలు. ఇక్కడ కార్పొరేషన్ ఆస్తి రికార్డుని ఖాతా అంటారు, దాన్ని బట్టి ఇళ్లు రెండు రకాలు. ఏ-ఖాతా అంటే, ఇల్లు ఉంది, ఉన్నట్టు కార్పొరేషన్ కూడా ఒప్పుకుంది. బి-ఖాతా అంటే, ఇల్లు ఉంది, అందులో మనం ఉన్నాం, కుక్కర్ కూత పెడుతోంది, ఏటా పన్ను కడుతున్నాం, కట్టినట్టు రసీదు ఇస్తున్నారు, కానీ లోను కావాలని వెళ్తే బ్యాంకులో కుర్చీ కూడా చూపించరు. మా భవనం రెండో రకం. ఎందుకు రెండో రకం అయిందన్నది బిల్డరుకీ దేవుడికీ తెలుసు. ఇద్దరూ ఫోన్ ఎత్తరు.

కాబట్టి టక్కర్ టీవీలో చచ్చిపోవడం ఏ-ఖాతా అబద్ధం. నవల్లో బతికుండడం బి-ఖాతా అబద్ధం. రెండూ జీతం తీసుకునో అడ్వాన్సు తీసుకునో మనుషులు కూర్చుని రాసినవే. రోములన్లు ఏ గ్రహం మీదా లేరు. అయినా ఒక అబద్ధానికి పట్టా ఉంది, రెండోదానికి లేదు. పెద్దాయన వాదన ఇంతే. బి-ఖాతా ఇంట్లో పదకొండేళ్లుగా కాపురముంటూ, ఆ ఇంటి టెర్రస్ మీదే కూర్చుని, పట్టా లేని కథని నమ్మకూడదని ఆయన అంత ధీమాగా చెబుతుంటే నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

బి-ఖాతా ఒక్కోసారి ఏ-ఖాతా అవుతుంది, ఆ ఆశతోనే కదా కార్పొరేషన్ ఆఫీసు చుట్టూ తిరిగేది. మొదటి సీరియల్లో ఓడ నడిపే సులూకి అసలు పేరే లేదు, ఇంటిపేరుతోనే సరిపెట్టేశారు. 1981లో వాండా మెకింటైర్ అనే రచయిత్రి తన నవల 'ద ఎంట్రోపీ ఎఫెక్ట్'లో ఆయనకి హికారు అని పేరు పెట్టింది. 1991లో ఆరో సినిమాలో ఆ పేరు తెర మీద వినిపించింది. అంతే, హికారు జరిగిపోయాడు. ఫైలు కదలడానికి పదేళ్లు. మా వీధిలో డ్రైనేజీ ఫైలు కన్నా ఇదే నయం.

బుల్డోజరు వచ్చిన సంగతీ చెప్పాలి. డీప్ స్పేస్ నైన్ అనే సీరియల్ 1999లో ఆగిపోయింది. దాని కథానాయకుడు సిస్కో, తిరిగొస్తానని చెప్పి, దేవతల్లాంటి వాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. టీవీ వాళ్లు ఆ మాట అంతటితో మర్చిపోయారు. 2001 నుంచి నవలలవాళ్లు ఆ కథ అందుకున్నారు, 2003లో సిస్కోని వెనక్కి తెచ్చారు కూడా. అక్కణ్ణుంచి పక్క సీరియళ్ల నవలలతో గోడలు కలిపి, రోడ్లు వేసి, దాదాపు ఇరవయ్యేళ్లలో ఒక పెద్ద లేఅవుట్ కట్టారు. జేన్‌వే అనే అడ్మిరల్‌ని 2007లో ఒక నవల్లో చంపేస్తే, 2012లో ఇంకో నవల్లో బతికించుకున్నారు. అంత ఇష్టంగా కాపురం చేశారు పాఠకులు. 2020లో పికార్డ్ అనే కొత్త టీవీ సీరియల్ వచ్చి, ఈ లేఅవుట్ ఉన్నచోటే తన రోడ్డు వేసుకుంటూ పోయింది. రాజకాలువ అనే వాననీటి కాలువ మీద కట్టారని గోడకి నోటీసు అంటించినట్టే.

ఆ నవలాకారులు చేసిన పని చూడండి. స్టే తెచ్చుకోలేదు. ధర్నా చేయలేదు. 2021లో కోడా అని మూడు పుస్తకాలు రాసి, తాము కట్టినదంతా తామే కూల్చేసుకున్నారు. డేటన్ వార్డ్, జేమ్స్ స్వాలో, డేవిడ్ మాక్ తలా ఒక పుస్తకం, తలా ఒక గునపం. పాఠకుల్లో కొందరు ఏడ్చారు, కొందరు తిట్టారు. కొందరు మాత్రం ఇవెలాగూ జరగనివే కదా అని ఓదార్చుకున్నారు. జరగనిదాన్ని కూల్చితే దుమ్ము ఎందుకు లేచిందో వాళ్లే చెప్పాలి.

ఈ విషయం సభలో పెడితే ఎవరూ కరగలేదు. అప్పుడు నేను బ్రహ్మాస్త్రం తీశాను. ఎర్రన.

తెలుగువాడికి కొనసాగింపు కొత్తా? నన్నయ పదకొండో శతాబ్దంలో భారతం మొదలుపెట్టి, అరణ్యపర్వంలో శరత్కాలపు రాత్రులని వర్ణిస్తూ ఆగిపోయాడు. రెండొందల ఏళ్ల తర్వాత తిక్కన వచ్చాడు. ఆగినచోట ముట్టుకోలేదు, విరాటపర్వం నుంచి ఎత్తుకుని పదిహేను పర్వాలు పూర్తి చేసి వెళ్లిపోయాడు. మధ్యలో గుంట అలాగే ఉండిపోయింది, మన ఔటర్ రింగు రోడ్డు మీద గుంటలా. మరో శతాబ్దానికి ఎర్రన వచ్చి ఆ గుంట పూడ్చాడు. నన్నయ ఆపిన శరద్రాత్రి తర్వాత ఎర్రన మొదటి పద్యం ఏమిటి? శరత్కాలపు ఉదయం! రాత్రి ఒకరు పడుకున్నారు, తెల్లారి ఇంకొకరు లేచారు, మధ్యలో మూడొందల ఏళ్లు. అంకితం కూడా నన్నయ నాటి రాజరాజ నరేంద్రుడికే ఇచ్చాడు. అంటే ఇల్లు తను కట్టి, ఖాతా పాత ఓనరు పేరు మీదే ఉంచేశాడు.

సభ ఒక నిమిషం మౌనంగా ఉంది. నేను గెలిచాననుకున్నాను.

"అయితే ఎర్రన కానన్ కాదు" అన్నాడు బావమరిది.

"నన్నయకీ తిక్కనకీ శైలి కలవట్లేదని నేను ఇంటర్‌లోనే చెప్పానండీ, మా లెక్చరర్ ఒప్పుకోలేదు" అంది టెస్టింగ్ అమ్మాయి. తీవ్రత వరసలో మీడియం అని వేసుకున్నట్టుంది.

కొత్త పెళ్లికూతురు, అరణ్యపర్వంలో నలదమయంతులు ఎన్ని పేజీల్లో ఉన్నారని అడిగింది. అది నన్నయ భాగంలోనిదేనమ్మా అన్నాను. అయితే సరే అంది.

పెద్దాయన మాత్రం గంభీరంగా అన్నారు. "ఏందబ్బయా నువ్వు? ఉత్తరకాండ వాల్మీకిది కాదంటారే, దాని సంగతే ఇంకా తేల్లా. నువ్వు మళ్లీ ఇది తెచ్చినావు." ఆ మాటతో చర్చ రామాయణం మీదకి మళ్లింది, టక్కర్ ఆ రాత్రికి బతకకా చావకా అలాగే ఉండిపోయాడు.

పుస్తకం గురించి ఒక సంగతి సభలో చెప్పలేదు. చర్చ్ స్ట్రీట్‌లో నాకన్నా ముందు దాన్ని కొని, చదివి, అమ్మేసిన మనిషెవరో పెన్సిల్ పట్టుకుని చదివారు. టక్కర్ బతికే ఉన్నాడని తెలిసే చోట అంచున 'నో' అని రాసి, కింద మూడు గీతలు కొట్టారు. మూడో గీతకి కాగితం చిరిగింది కూడా. ఇంకో ఇరవై పేజీలు పోయాక అదే పెన్సిల్, అదే ఒత్తు, ఒక అచ్చుతప్పు దిద్దింది. చిన్నది, అక్షరం అటూ ఇటూ అయింది అంతే. ఆ తర్వాత ఇంకోటి. చివరి అధ్యాయం దాకా ఒక్కటి కూడా వదల్లేదు. జరగని కథలో అచ్చుతప్పులు దిద్దే ఈ మనిషిని మా సభకి పిలిచి ఉపాధ్యక్ష పదవి ఇవ్వాలని నాకుంది.

పోయిన వారం పుస్తకం అవసరం పడి రెండో అంతస్తుకి వెళ్లాను. అవసరం పుస్తకంతో కాదు, అందులో బుక్‌మార్కుగా పెట్టిన ప్రాపర్టీ ట్యాక్సు రసీదుతో. పెద్దాయన తలుపు తీశారు. అద్దాలు ముక్కు మీద ఉన్నాయి, పుస్తకం చేతిలో ఉంది, ఒక వేలు పేజీల మధ్య ఉంది.

"జరగలేదన్నారుగా అంకుల్, ఇంకా చదువుతున్నారా?"

"ఊరికే. ఎట్టా జరగలేదో చూస్తన్నా."

"సరే, పుస్తకం ఉంచుకోండి. అందులో నా రసీదు ఉంది, అది ఇచ్చేయండి చాలు."

ఆయన పుస్తకం చివరి పేజీలవైపు నుంచి ఒకసారి చూశారు. రసీదు కొస ఎక్కడో ముందు ముందు కనిపిస్తోంది.

"అది ఇంకా చానా దూరం ఉందబ్బయా. అక్కడికి పోయినాక ఇస్తాలే" అని తలుపేసుకున్నారు.