ఉక్కు మనదే, కన్వర్టర్ మనది కాదు

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరంలో కెల్హామ్ ఐలాండ్ మ్యూజియం ముంగిట ఒక బెస్సెమర్ కన్వర్టర్, అంటే కరిగిన పోత ఇనుములోకి గాలి ఊది ఉక్కు చేసే పాత్ర, నిలబెట్టి ఉంది. మందపాటి ఇనుప రేకుతో, కోడిగుడ్డు ఆకారంలో చేసిన ఆ పాత్ర ముందు నిలబడితే మనిషి బాగా చిన్నగా కనిపిస్తాడు. వర్కింగ్టన్ కర్మాగారంలో 1970ల మధ్య వరకు పనిచేసింది. బ్రిటన్‌లో ఆ పద్ధతిలో చివరి ఉక్కు తీసింది దానితోనే. మొన్న వేసవిలో మన సంఘం కుటుంబాలు కొన్ని కలిసి అక్కడికి వెళ్లినప్పుడు, పన్నెండేళ్ల కుర్రవాడొకడు దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "అంకుల్, ఇది మన దగ్గర కొట్టేసిన ఫార్ములా అట కదా?" అని అడిగాడు. వాట్సాప్‌లో వాళ్ల తాతగారు పంపారట. ఇదే మాట మన ఉగాది ప్రత్యేక సంచికల్లో కూడా నేను ఒకటికి రెండుసార్లు చదివాను కనుక, తప్పు ఆ కుర్రవాడిది కాదు.

నా అభిప్రాయం మొదటే చెబుతాను. మన కమ్మరులు చేసిన పాత ఉక్కు గొప్పది, ఈ కన్వర్టర్‌ను కనిపెట్టిన ఇంగ్లండ్ మనిషి బెస్సెమర్ చేసిన పనీ గొప్పదే. అయితే ఆ రెండూ ఒకే సమస్యకు జవాబులు కావు. ఒకదాన్ని ఇంకొకదానికి తల్లిని చేయబోతే రెండింటికీ అన్యాయమే జరుగుతుంది.

అసలు చిక్కంతా కర్బనం దగ్గర ఉంది. పోత ఇనుములో కర్బనం వందకు మూడు నుంచి నాలుగున్నర పాళ్ల దాకా ఉంటుంది. అందుకే అది సుమారు 1,150 డిగ్రీల వేడికే కరిగి, పోసిన అచ్చులో చక్కగా ఒదుగుతుంది, సుత్తి దెబ్బ పడితే పగిలేదీ అందుకే. చేత ఇనుములో కర్బనం దాదాపు ఉండదు కాబట్టి ఎటు వంచితే అటు వంగుతుంది, కానీ పదును నిలవదు. ఉక్కులో కర్బనం ఈ రెండింటికీ నడుమ, స్థూలంగా రెండు శాతం లోపు ఉంటుంది. కనుక ఉక్కు చేయడానికి దారులు రెండు: కర్బనం లేని ఇనుముకు కొంత ఎక్కించడం, లేదా కర్బనం ఎక్కువైన ఇనుము నుంచి కొంత దించడం.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మన కమ్మరులు పట్టింది మూస దారి, అంటే మట్టి పాత్రలో లోహాన్ని కరిగించడం. వేరువేరు ఊళ్ల నుంచి తెప్పించిన రెండు రకాల ఇనుమును మట్టి మూసలో పెట్టి, మూతి బిగించి, తిత్తులతో ఒక రోజంతా ఊది కరిగించి, నెమ్మదిగా చల్లార్చేవారు. 19వ శతాబ్దం తొలి నాళ్లలో అక్కడికి వెళ్లిన డాక్టర్ హెన్రీ వాయిసీ రాసిన వర్ణన 1832లో అచ్చయింది. ఆ ముద్దల కోసం పర్షియా వర్తకుడు ఆ ఊళ్లోనే మకాం పెట్టి కాచుకుని ఉండేవాడని అందులో ఉంది. షెఫీల్డ్ కూడా బెస్సెమర్ రాకముందు వంద సంవత్సరాలకు పైగా కర్బనం ఎక్కించే దారిలోనే నడిచింది. స్వీడన్ నుంచి తెచ్చిన చేత ఇనుప బద్దలను బొగ్గుపొడిలో పొరలు పొరలుగా పేర్చి వారం పైగా కాల్చి, ఆ పైన 1740లలో బెంజమిన్ హంట్స్‌మన్ కనిపెట్టిన మూసల్లో కరిగించేవారు. ఈ పనికి మూస ఎంతో ఉక్కు అంతే. కత్తికీ ఉలికీ గడియారపు స్ప్రింగుకూ అది సరిపోతుంది, రైలు పట్టాలకు చాలదు.

పోత ఇనుము నుంచి కర్బనం దించే పని అప్పటికే లేకపోలేదు. చైనాలో హాన్ రాజుల కాలం నుంచీ ఉంది, యూరప్‌లోనూ శతాబ్దాలుగా సాగింది. ఇంగ్లండ్‌లో 1784లో హెన్రీ కార్ట్ పేటెంటు తీసుకున్న పడ్లింగ్ పద్ధతి దానికి పారిశ్రామిక రూపం ఇచ్చింది. బొగ్గులోని గంధకం లోహానికి అంటకుండా నిప్పు ఒక గదిలో, ఇనుము పక్క గదిలో ఉండేవి. మంట మాత్రం కప్పుకు తగిలి ఇనుము మీదికి వంగేది. పనివాడు పొడవాటి ఇనుప కడ్డీతో ఆ కరిగిన లోహాన్ని కలియబెడుతూ ఉండేవాడు. కర్బనం కాలిపోతున్న కొద్దీ ఇనుము కరిగే వేడి పెరుగుతుంది, కొలిమి వేడి మాత్రం అంత పెరగదు. దాంతో నీళ్లలా కదిలిన లోహం మెల్లగా సంకటిలా బిగుసుకునేది. దాన్ని ముద్దలుగా చుట్టి, పట్టుకారుతో ఈడ్చి, సుత్తి కిందికి తోసి చిట్టెం (కరిగిన మలినం) కక్కించాలి. రెండు వందల కిలోల పైచిలుకు ఇనుముకు దాదాపు రెండు గంటలు పట్టేది, దక్కేది ఎక్కువగా చేత ఇనుమే. లోహం ఎప్పుడు తిరిగిందో కడ్డీ బరువును బట్టి, మంట రంగును బట్టి చెప్పగలిగిన ఆ పనివాళ్ల పేర్లు ఒక్కటీ మన ప్రత్యేక సంచికల్లోకి ఎక్కలేదు. వాళ్ల దేశం వాళ్లే పెద్దగా తలచుకోలేదు, అది వేరే సంగతి.

హెన్రీ బెస్సెమర్ లోహశాస్త్రం చదువుకున్నవాడు కాదు. బంగారు రంగు వేయడానికి వాడే ఇత్తడి పొడిని యంత్రాలతో చేసి డబ్బు గడించిన మనిషి. క్రిమియా యుద్ధకాలంలో తాను తయారు చేసిన గుండ్లను తట్టుకునే ఫిరంగి లేదని తెలిసి, గట్టి ఇనుము కోసం లండన్‌లో ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఒకరోజు కొలిమిలో పోత ఇనుప దిమ్మలు రెండు ఒక అంచున కరగకుండా మిగిలిపోయాయి. గాలి ఇంకాస్త వదిలి చూసినా కరగలేదు. కడ్డీతో పొడిచి చూస్తే అవి దిమ్మలు కావు, పైపెంకులు. లోపలి ఇనుమంతా కరిగి జారిపోగా, గాలి తగిలిన పైపొర కర్బనం పోగొట్టుకుని చేత ఇనుములా మారి, కరగక నిలిచింది. గాలి ఒక్కటే ఆ పని చేయగలిగితే, గాలిని కరిగిన ఇనుము గుండానే పంపితే ఏమవుతుంది? సుమారు 350 కిలోల పోత ఇనుముతో చేసి చూశాడు. పది నిమిషాలు పెద్దగా ఏమీ జరగలేదు. ఆ తర్వాత పాత్ర మూతి నుంచి మంట, నిప్పురవ్వలు, చిట్టెం, కరిగిన లోహం అగ్నిపర్వతంలా ఎగసిపడ్డాయి. గాలి ఆపే కవాటం పాత్రకు దగ్గరలోనే ఉండడంతో దాని దరికి పోయే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అలజడి దానంతట అదే చల్లారాక చూస్తే లోపల కర్బనం పోయిన ఇనుము, అదీ కరిగిన స్థితిలోనే, ఉంది. చల్లని గాలి ఊదితే లోహం చల్లారాలి కదా అని అందరమూ అనుకుంటాం. కానీ అందులోని సిలికాన్, కర్బనం కాలినప్పుడు పుట్టే వేడి లోహాన్ని ఇంకా పైకి తీసుకుపోతుంది. పడ్లింగ్ చేసేవాడి చేతిలో సంకటిలా బిగుసుకున్నది ఇక్కడ నీళ్లలాగే మిగిలింది. కోనసముద్రంలోనైనా షెఫీల్డ్ మూసల్లోనైనా ఈ ఊహకు ముందు రూపం ఏదీ లేదు.

1856 ఆగస్టులో బ్రిటిష్ శాస్త్రజ్ఞుల చెల్టెన్‌హామ్ సభలో, ఇంధనం లేకుండా ఇనుమూ ఉక్కూ తయారు చేయడమనే శీర్షికతో బెస్సెమర్ తన వ్యాసం చదివాడు. నెల తిరగకుండానే అనుమతి పత్రాల మీద 27,000 పౌండ్లు వచ్చిపడ్డాయి. ఆపై కొన్నవాళ్లంతా ఎవరి కర్మాగారంలో వాళ్లు ఊది చూసుకుంటే, వచ్చిన లోహం దెబ్బకు పెళుసుగా విరిగింది. కారణం భాస్వరం. బ్రిటన్ ఖనిజం చాలావరకు భాస్వరం కలిసినదే. బెస్సెమర్ తొలి ప్రయోగాలకు దొరికిన ఇనుము కాకతాళీయంగా భాస్వరం తక్కువది కావడంతో ఆయనకు ఆ సంగతే తెలియలేదు. రెండో లోపం, గాలి ఊదాక లోహంలో మిగిలిపోయే ఆక్సిజన్, దానికి తోడు గంధకం. వేడి మీద రోలర్ల కిందికి పంపితే ఉక్కు పగుళ్లిచ్చేది.

బెస్సెమర్ పేరు కింద దాగిపోయిన మనుషులు ఇక్కడే కనిపిస్తారు. ఫారెస్ట్ ఆఫ్ డీన్‌లో ఉండే రాబర్ట్ మషెట్, కర్బనాన్ని పూర్తిగా ఊదేసి, చివరలో మాంగనీసూ కర్బనమూ కలిసిన ఇనుమును లెక్క ప్రకారం కలపాలని 1856లోనే పేటెంటు తీసుకున్నాడు. మాంగనీసు ఆక్సిజన్‌నూ గంధకాన్నీ పట్టుకుంటుంది, కావలసినంత కర్బనం వెనక్కి వస్తుంది. ఆయన ఉక్కుతో చేసిన పట్టాను 1857లో డెర్బీ స్టేషన్‌లో వేశారు. ఇనుప పట్టాను ఆర్నెల్లకోసారి మార్చాల్సి వచ్చిన ఆ చోట అది పదిహేనేళ్లకు పైగా నిలిచింది. అయితే 1859లో కట్టాల్సిన 50 పౌండ్ల సుంకం కట్టకపోవడంతో పేటెంటు రద్దయి, ఆ పద్ధతి అందరి సొత్తయింది. 1866లో మషెట్ కూతురు మేరీ, పదహారేళ్ల పిల్ల, ఒక్కతే లండన్ వెళ్లి బెస్సెమర్‌ను కలిసి, మీ సంపదలో మా నాన్న పాలు ఉందని చెప్పింది. ఆ తర్వాత బెస్సెమర్ మషెట్‌కు ఏటా 300 పౌండ్లు ఇస్తూ వచ్చాడు. అది దయ అనాలో, వ్యాజ్యం రాకుండా ముందుచూపు అనాలో పాఠకులకే వదిలేస్తున్నాను. భాస్వరం లేని స్వీడన్ ఇనుముతో 1858లో ఈ పద్ధతిని నిలకడగా నడిపి చూపిన యోరాన్ యోరాన్సన్‌ది ఇంకొక పాలు.

దక్షిణ భారతంతో నిజమైన సంబంధం వెతకాలంటే అది ఈ మాంగనీసు దగ్గరే దొరుకుతుంది. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగంలో ఉండి, 1830లలో పరంగిపేటలో ఇనుప కర్మాగారం పెట్టిన జోసయ్య మార్షల్ హీత్, ఇంగ్లండ్ వెళ్లాక 1839లో మూస ఉక్కులో మాంగనీసు వాడే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. షెఫీల్డ్ వ్యాపారులు ఆయన చెప్పిన పదార్థానికి బదులు దాన్ని పుట్టించే ముడిసరుకులనే మూసలో వేసి, హక్కు రుసుము ఎగ్గొట్టారు. ఏళ్ల తరబడి వ్యాజ్యాలు నడిచి, ఆయన పోయాక తీర్పు కూడా వ్యతిరేకంగానే వచ్చింది. ఇక రాబర్ట్ మషెట్ తండ్రి డేవిడ్ మషెట్, మన ఉక్కు ముద్దల మీద ప్రయోగాలు చేసి 1805లో రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించినవాడు. ఫారడే కూడా మన ఉక్కు మర్మం పట్టాలని కొన్నేళ్లు తంటాలు పడ్డాడు. ఇంగ్లండ్ లోహశాస్త్రవేత్తలకు మన కమ్మరి పని ఒక ప్రశ్నగా ఉండిందని చెప్పడానికి ఇది గట్టి ఆధారం. దొంగతనానికి మాత్రం ఆధారం కాదు.

భాస్వరం చిక్కు విప్పింది పోలీసు కోర్టులో గుమాస్తాగా పనిచేస్తూ రాత్రులు రసాయనశాస్త్రం చదువుకున్న సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్. కన్వర్టర్ లోపలి ఇసుకరాతి పూతను తీసి డోలమైటు పూత వేసి, సున్నం కలిపితే భాస్వరం చిట్టెంలోకి వెళ్లిపోతుందని, రసాయనవేత్త అయిన మేనమామ కొడుకు పెర్సీ గిల్‌క్రిస్ట్‌తో కలిసి 1879 నాటికి మిడిల్స్‌బరోలో నిరూపించాడు. ఆ చిట్టెం పొలాలకు ఎరువయింది. థామస్ 34 ఏళ్లకే పోయాడు.

ఈ దేశం రాకముందు, 1990లలో, నేను విశాఖ స్టీల్ ప్లాంటులో కన్వర్టర్ల దగ్గర పనిచేశాను. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న నినాదం మధ్య పెరిగిన మాకు ఉక్కు అంటే మనదే. అక్కడ గాలికి బదులు పైనుంచి గొట్టంతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఊదుతారు. 1952లో ఆస్ట్రియాలోని లింజ్ నగరంలో మొదలైన మార్పు అది. గాలిలోని నత్రజని ఉక్కును పెళుసు చేస్తుందన్న పాత తలనొప్పి దానితో తీరింది. సుమారు 150 టన్నుల లోహం ఇరవై నిమిషాల లోపే తయారవుతుంది. ఊదడం బెస్సెమర్ ఆలోచన, ఊదే ముందు వేసే సున్నం థామస్‌ది. కన్వర్టర్‌ను వంచి తెల్లగా మండుతున్న ఉక్కును లాడిల్ అనే పెద్ద పాత్రలోకి పోస్తుంటే, ఆ ధార మీదికి ఫెర్రో మాంగనీసు జారవిడిచేవాళ్లం, అలవాటుగా, లెక్క చూసుకుని. అది ఎవరి ఊహో ఆ ప్లాంటులో ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. మషెట్ పేరు నేను మొదటిసారి విన్నది షెఫీల్డ్ వచ్చాకే.