పయొనీర్ స్క్వేర్ టోటెమ్ స్తంభం గారికి

మహారాజశ్రీ స్తంభం గారికి,

(మిమ్మల్ని ఒక ఆడమనిషి జ్ఞాపకార్థం నిలబెట్టారని నిన్ననే తెలిసింది. కాబట్టి 'మహారాజశ్రీ' కొట్టేసి 'మహాలక్ష్మీ సమానురాలైన' అని చదువుకోగలరు.)

నిన్న పార్కింగ్ కోసం ముప్పావుగంట తిరిగి, గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నని సియాటెల్ పయొనీర్ స్క్వేర్‌లో, బొమ్మలు చెక్కిన కొయ్యస్తంభమైన మీ ముందు నిలబెట్టాను. తొమ్మిదేళ్లుగా సియాటెల్ వచ్చిన ప్రతి చుట్టానికీ నాది ఇదే డైలాగు: "ఇది ఈ ఊరి ఆదివాసుల ధ్వజస్తంభం." నాన్న ఆ చలిలో, తడి నేల మీద చెప్పులు విడిచి దణ్ణం పెట్టారు. సరిగ్గా అప్పుడే పక్కన ఎవరో గైడు తన గుంపుకి చెబుతున్నాడు, మీరు దొంగసొత్తని.

నాన్నకి ఇంగ్లిష్ బాగా వచ్చు. అదీ నా ఖర్మ.

1899లో ఈ ఊరి పెద్దమనుషులు ఓడెక్కి అలాస్కా షికారు వెళ్లారట. అక్కడ టాంగాస్ ద్వీపంలో ట్లింగిట్ అనే ఆదివాసుల ఊళ్లో మనుషుల అలికిడి లేకపోతే, వదిలేసిన ఊరు అనుకున్నారట. అయ్యా, వాళ్లు చేపల వేటకి వెళ్లారు! సంక్రాంతికి హైదరాబాద్ కూడా ఖాళీయే. వెళ్లి చార్మినార్ ఎత్తుకొచ్చేద్దామా? మిమ్మల్ని నరికి, మోయలేక రంపంతో రెండు ముక్కలు కోసి, ఓడకెక్కించి, అక్టోబరుకల్లా ఇక్కడ పాతేశారు. ఎనిమిది మంది మీద కేసు పెడితే అదీ కొట్టేశారు. యాత్రకి ఖర్చుపెట్టిన పత్రిక 500 డాలర్లు పడేసి చేతులు దులుపుకుంది.

అసలు మంట ఇది కూడా కాదు. ఈ ఊరికి తన పేరిచ్చిన నాయకుడి మనుషులు, డువామిష్, సుక్వామిష్ వాళ్లు, ఇలాంటి స్తంభాలు ఎత్తే అలవాటే లేనివాళ్లు. ఇక్కడివాళ్ల నేల లాక్కుని, అక్కడివాళ్ల గుర్తు ఎత్తుకొచ్చి, రెండూ కలిపి "మా సియాటెల్ సంస్కృతి" అని కప్పుల మీద, టీషర్టుల మీద అచ్చేసి అమ్ముతారా? సిగ్గుండక్కర్లా?

నాన్న నాకంటే మెల్లగా అన్నారు: "మన అమరావతి రాళ్లని లండన్ మ్యూజియంలో పెట్టుకున్నారు సరే. కానీ వాటిని చూపించి ఇది మా లండన్ శిల్పం అని ఎవరూ అనట్లేదు కదరా."

మీ నెత్తిన బొంతకాకి కూర్చుంది చూడండి, ముక్కున నెలవంక పట్టుకుని. ట్లింగిట్ కథల్లో వెలుగుని దొంగిలించింది అదే. కానీ తెచ్చి లోకమంతటికీ పంచింది. దానికీ కింద ఉన్న ఊరికీ అదే తేడా.

1938లో ఎవరో నిప్పు పెడితే కాలిపోయారు. మళ్లీ ట్లింగిట్ వాళ్లే చెక్కితే 1940లో లేచి నిలబడ్డారు. కొత్తదానికి డబ్బు కింద నగరం బ్యాంకు చెక్కు పంపిస్తే, "మొదటిదానికి ముట్టింది, రెండోదానికి ఎప్పుడిస్తారు" అని జవాబొచ్చిందని ఊళ్లో చెప్పుకుంటారు. కట్టుకథేనంటారు. అయినా నిన్న కారులో నాన్న దాన్ని మూడుసార్లు తలుచుకుని నవ్వారు.

పెట్టిన దణ్ణం మాత్రం వెనక్కి తీసుకోరట. "ఊరికి పెట్టలేదు, ఆవిడకి పెట్టాను" అన్నారు.

ఉంటాను. కాకినాడ పిన్ని బీరువా మీద తిరుపతి వెంకన్న పక్కన మీ మాగ్నెట్ అంటించి ఉంది. ముందు ఆవిడకి ఫోన్ చెయ్యాలి.

ఇట్లు,
తొమ్మిదేళ్ల అబద్ధాల గైడు