ముప్పై ఏళ్లు దాటాక వచ్చే మొటిమలపై బంధుమిత్రుల తీర్మానం

ఎంబీబీఎస్ అయ్యాక చర్మవ్యాధుల మీద ఇంకో మూడేళ్లు ఎండీ చదవడం శుద్ధ దండగని నా అభిప్రాయం. ఏ ఫంక్షన్ హాల్లోనైనా వడ్డన మొదలయ్యేలోపే రోగనిర్ధారణ పూర్తవుతున్న రాష్ట్రాల్లో ఆ కోర్సులు ఎవరి కోసం?

ముప్పై రెండేళ్ల అమ్మాయి పట్టుచీర కట్టుకుని వస్తుంది. దవడ అంచున నాలుగు మొటిమలు. మేనత్త గడ్డం పట్టుకుని ముఖాన్ని ట్యూబులైటు వైపు తిప్పుతుంది. "ఏంటే, ముఖం ఇలా పాడుచేసుకున్నావు?" పక్కనుంచి పిన్ని: "వేడి చేసింది వదినా, మజ్జిగ తాగదు." మూడో ఆవిడ: "పెళ్లయితే అవే పోతాయిలే." పిల్ల మెడలో మంగళసూత్రం కనబడుతూనే ఉంది. అయినా సిద్ధాంతానికి చిల్లు పడదు. "సరే, ఒక బిడ్డ పుడితే పోతాయి."

వైద్య పుస్తకాలు మాత్రం మొండిగా వేరే కథ చెబుతాయి. ఆండ్రోజెన్ హార్మోన్ల ప్రభావంతో చర్మంలో జిడ్డు ఎక్కువగా ఊరుతుందట, మృతకణాలు రంధ్రాల నోరు మూసేస్తాయట, లోపల బ్యాక్టీరియా పెరిగి వాపు వస్తుందట. పాతికేళ్లు దాటిన ఆడవాళ్లలో ఇవి గడ్డం, దవడల దగ్గర ఎక్కువ, నెలసరి ముందు మరీ ఎక్కువ. రక్తపరీక్షలో హార్మోన్లన్నీ సరిగ్గా ఉన్నవాళ్లకూ వస్తాయి. నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు కూడా వస్తుంటే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాశయాల పని దెబ్బతినే సమస్య) ఉందేమో చూపించుకోవాలి. ఇంత పురాణంలో ఆవకాయ పేరు ఎక్కడా లేదు! తీపికి, మైదాకు మొటిమలతో కొంత సంబంధం ఉందనే అధ్యయనాలున్నాయి గానీ, ఆవకాయ మానేయమన్న పెద్దమ్మే విస్తట్లో రెండో గులాబ్‌జామూన్ వేస్తుంది.

నిమ్మరసం, టూత్‌పేస్టు పూసుకుని చర్మం మండించుకోవడం ప్రాథమిక విద్య. ఉన్నత విద్య మందుల షాపులో. కౌంటర్ వెనక కుర్రాడు ముఖం చూడకుండానే ఒక ట్యూబు తీసిస్తాడు: "ఇది రాయండక్కా, మొటిమలు పోతాయి, రంగు కూడా వస్తుంది." అందులో స్టెరాయిడ్ ఉంటుంది. 2018లో కేంద్రం ఇలాంటి క్రీములను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చి, డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడదంది. ట్యూబు మీది ఎర్ర గీత కూడా ఆ మాటే చెబుతుంది, మనం దాన్ని డిజైన్ అనుకుంటాం. మొదటి వారం ముఖం మెరిసిపోతుంది. తోటికోడలికీ, పక్కింటావిడకూ ట్యూబు పేరు వెళ్తుంది. నెలల తరబడి రాశాక చర్మం పలచబడుతుంది, ఎర్రటి రక్తనాళాలు పైకి కనబడతాయి, మానేస్తే మంట, కొత్త మొటిమలు. స్టెరాయిడ్ వల్ల పాడైన ముఖం అంటూ చర్మవైద్యులు దీన్ని ప్రత్యేకంగా ఒక జబ్బుగానే లెక్కేస్తున్నారు. ఉద్దరకి వచ్చిన సలహాకి ఇంతటి గుర్తింపు రావడం మామూలు విషయం కాదు.

అసలు వైద్యంలో ఈ నాటకీయత ఏమీ లేదు. రాత్రి బఠానీ గింజంత అడాపలీన్ అనే మొటిమల మందు ముఖమంతా పలచగా రాయాలి, పగలు సన్‌స్క్రీన్. బెంజాయిల్ పెరాక్సైడ్ అనే ఇంకో పూత మందు ఇస్తే దిండు గలీబు రంగు పోతుంది, పాతది వేసుకోండి. ముఖం రోజుకు రెండుసార్లు కడిగితే చాలు. నుదుటి మీదికి కొబ్బరినూనె కారనివ్వకూడదు, గిల్లకూడదు. గర్భం ఆలోచన ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పాలి, కొన్ని మందులు బిడ్డకు ప్రమాదం. మొదట్లో కాస్త పొట్టు లేస్తుంది. ఫలితం తేలడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు.

పన్నెండు వారాలు మాట్లాడకుండా ఉండటం బంధువులకు కష్టమే, ఒప్పుకుంటాను. ఈలోపు చర్చించుకోవడానికి అమరావతిలో గజం రేటు ఉండనే ఉంది. బావగారి ముక్కు మీద కూడా ఒక మొటిమ ఉంది, దాన్ని ఇంతవరకూ ఎవరూ వెలుతురులో చూడలేదు.