మూడు రంగుల జోనేషన్ బొమ్మ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ జీవశాస్త్రం పుస్తకంలోని జోనేషన్ బొమ్మ గారికి,

ఉభయకుశలోపరి. అంటే, తమరు మటుకు క్షేమం. సముద్రపు రాతి ఒడ్డు మీద ఏ ఎత్తులో ఏ జీవులు ఉంటాయో చూపడం, అంటే జోనేషన్, తమరి పని. ఆ ఒడ్డును పైన, మధ్య, కింద అని మూడు రంగుల్లో కోసి, స్కేలు పెట్టి గీతలు కొట్టించుకుని ఏళ్ల తరబడి పేజీలో కదలకుండా కూర్చున్నారు. ఆ గీతల్ని వెతుక్కుంటూ విశాఖలో రాళ్ల మీదికి దిగే విద్యార్థుల పాట్లు తమరికి పట్టవు.

ముందు తమరి అడుగున ఊగుతున్న ఆ లామినేరియా సంగతి. అది చన్నీళ్ల నాచు, మన తీరంలో పెరగదు. విశాఖలో పాటు బాగా తీసి నీరు వెనక్కి పోయినప్పుడు బయటపడేవి సర్గాసమ్, గ్రాసిలేరియా, కాలెర్పా లాంటి నాచులు. తమరు పుట్టిన బ్రిటన్‌లో కొన్నిచోట్ల సముద్రం 10 మీటర్లు దిగుతుంది. ఇక్కడ అమావాస్య, పౌర్ణమిలకే పోటుకీ పాటుకీ తేడా సుమారు 1.5 మీటర్లు. తమరి మూడు పట్టీలూ మనిషి నిలువెత్తు లోపే ఇరుక్కోవాలి. అంతలో ఒక పెద్ద అల వచ్చి లెక్కంతా తడిపేస్తుంది. సముద్రానికి ఎదురుగా ఉన్న రాతి ముఖం మీద బార్నకిల్స్, అంటే రాయికి అతుక్కుని బతికే చిన్న గుల్ల జీవులు, ఎగబాకుతాయి. అదే బండకు వెనక, అలల మాటున, అంత ఎత్తులో ఒక్కటీ ఉండదు. దానికితోడు బంగాళాఖాతం నీటిమట్టమే ఫిబ్రవరి, మార్చిలో తగ్గి, అక్టోబరు, నవంబరుల్లో పెరుగుతుంది. తమరి గీతలకు క్యాలెండర్ తెలుసా?

ఇక అసలు ఫిర్యాదు. పై గీతనీ కింది గీతనీ ఒకే సిరాతో, ఒకే మందంతో గీయించుకున్నారు. వాటి కారణాలు వేరు. స్కాట్లాండ్‌లో మిల్‌పోర్ట్ దగ్గరి రాళ్ల మీద జీవావరణ శాస్త్రవేత్త జోసెఫ్ కానెల్ చేసి 1961లో ప్రచురించిన పని చూడండి. పైన ఉండే థమాలస్ బార్నకిల్ కింద కూడా హాయిగా బతకగలదు. బతకనివ్వనిది పక్కింటి బాలనస్ అనే ఇంకో బార్నకిల్. వేగంగా పెరిగి, థమాలస్ గుల్ల అంచు కిందికి దూరి, పెకలించి పారేస్తుంది. లేదా మీద ఎక్కి కప్పేస్తుంది. బాలనస్‌ను గీకి తీసేసిన చోట థమాలస్ కిందనే నిలబడింది. పై హద్దు ఎక్కువగా ఎండ చలవ, కింది హద్దు చాలాసార్లు ఇరుగుపొరుగు చలవ. అమెరికా వాషింగ్టన్ తీరంలో రాబర్ట్ పెయిన్ అనే ఇంకో శాస్త్రవేత్త సముద్ర నక్షత్రాల్ని ఏరి పారేస్తే అక్కడి 15 జాతులు 8కి పడిపోయాయి, ఆ నక్షత్రాలు తినే మసెల్ చిప్పలు కిందికి దిగి చోటంతా ఆక్రమించాయి. తమరి బొమ్మలో నక్షత్రం ఒక మూల అలంకారంగా నవ్వుతోంది.

తమరిని నమ్మి కొలతలు తీసేవాళ్ల తప్పులూ తమరి ఖాతాలోవే. టేపును రాతి వాలు వెంబడి పరిచి ఆ అంకెను ఎత్తు అని రాసేస్తారు. వాలు 30 డిగ్రీలైతే 4 మీటర్ల టేపుకు ఎత్తు 2 మీటర్లే. అసలు ఎత్తు కొలవడానికి మేస్త్రీలు వాడే నీటి ట్యూబు, రెండు నిలువు కర్రలు చాలు. ట్యూబులో గాలి బుడగ మిగిలితే మాత్రం లెక్క గోవిందా. పాటు పూర్తిగా తీసే వేళకు గంటన్నర ముందే దిగి, నీటి వెంబడే కిందికి వెళ్లాలి. పక్కకు అర మీటరు ఉండే చదరపు చట్రం పైనుంచి కిందికి ప్రతి 20 సెంటీమీటర్ల ఎత్తు తేడాకు ఒకసారి పెట్టాలి. బార్నకిల్స్ లెక్కకు దానిలో 10 సెంటీమీటర్ల గడి ఒకటి చాలు. గుల్ల నోట్లో తలుపుల్లాంటి పలకలున్నవే బతికినవి. బోసి గుంట కనిపిస్తే చచ్చింది, దాన్ని వేరే వరుసలో రాయాలి.

కనీసం ఆ గీతల్ని చెరిపి, ఒక రంగు ఇంకోదాంట్లోకి కారేలా అచ్చు వేయించుకోమని మనవి.

ఇట్లు,
మోకాళ్లు చెక్కుకుపోయిన కొలతల బృందం

తా.క.: ఆ బోసి గుల్లల్లో ఆవగింజంత నత్తపిల్లలు కాపురముంటాయి. చచ్చిన ఇంట్లో బతికున్నదానికి ఏ రంగు వేయాలో సెలవియ్యగలరు.